చేతిలో డబ్బు ఆడనప్పుడు నాణేల సేకరణ ఆగకుండా నడుపుకోవడం ఎలా

నాణేలు పోగేసే వాళ్లందరికీ ఇలాంటి నెల ఒకటి వస్తుంది. పిల్లల ఫీజు, బండి రిపేరు, ఇంట్లో ఎవరికో స్కానింగ్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. సరిగ్గా అప్పుడే తెలిసిన డీలరు వాట్సాప్‌లో చార్మినార్ బొమ్మున్న నిజాం వెండి రూపాయి ఫోటో పంపి, "మీకోసమే పక్కన పెట్టాను సార్" అంటాడు. నాకు ఆ నెల దాదాపు రెండేళ్లు నడిచింది. మొదట విసుగుపుట్టి ఆల్బమ్‌లు బీరువాలో పెట్టి తాళం వేశాను. కొన్నాళ్లకు ఉండబట్టలేక మళ్లీ తీశాను, కానీ కొనడానికి డబ్బు లేదు కాబట్టి ఉన్నవాటినే భూతద్దం కింద పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఆ రెండేళ్లలో కొన్నవి పన్నెండు నాణేలే. నేర్చుకున్నది మాత్రం అంతకుముందు పదేళ్ల కంటే ఎక్కువ. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

మొదటి పని: ఒక నెల ఏమీ కొనకండి

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. ఉన్న నాణేలన్నీ బయటికి తీసి ఒక్కొక్కటీ రాయండి: విలువ, సంవత్సరం, టంకశాల (నాణేలు ముద్రించే చోటు) గుర్తు, స్థితి, ఎంతకు కొన్నారు, ఎన్ని ఉన్నాయి. ఫోన్‌లో ఎక్సెల్ వాడతామంటే అలాగే కానివ్వండి. పని మాత్రం పూర్తిగా చేయాలి, "సుమారుగా తెలుసులే" అని వదిలేయకూడదు.

ఈ జాబితా వల్ల రెండు విషయాలు బయటపడతాయి. ఒకటి, ఒకే నాణెం నాలుగైదు సార్లు కొని ఉంటారు. నా దగ్గర 1982 ఏషియన్ గేమ్స్ రెండు రూపాయల బిళ్ళలు ఏడు తేలాయి, మూడింటికి డబ్బులు పెట్టి మరీ కొన్నాను. రెండోది, మీకు నిజంగా దేనిమీద ఇష్టమో ఆ కాగితంలో కనిపిస్తుంది. ఏ వరుస దగ్గరికి వచ్చేసరికి రాయడం ఆపి నాణెం తిప్పి చూస్తున్నారో గమనించండి, తర్వాతి పనికి అది కావాలి.

టంకశాల గుర్తు చూడటం కొత్తవాళ్లకు: సంవత్సరం అంకెల కింద వెతకండి. వజ్రం ఆకారం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే సరిపోతుంది.

రెండో పని: పరిధి కుదించుకోండి

చేతిలో డబ్బు లేనప్పుడు "అన్నీ సేకరిస్తాను" అనేవాడు ఏదీ సేకరించలేడు. ఒక చిన్న గీత గీసుకుని దాని లోపలే ఉండాలి. ఖర్చు దాదాపు లేని పరిధులు మూడు చెబుతాను.

అన్నిటికంటే చవక, జేబులో తిరిగే రూపాయి బిళ్ళల రకాలు. 1992లో మొదలైన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి, 2004 నుంచి వచ్చిన అడ్డగీతల డిజైను, 2007 నాటి బొటనవేలు ఎత్తిన చెయ్యి, 2011లో ₹ గుర్తుతో వచ్చింది, 2019 నాటి ధాన్యపు కంకుల డిజైను, 2022 జూన్‌లో ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ గుర్తుతో విడుదలైంది. ఆరు రకాలకు ఆరు రూపాయలు. రెండు రూపాయల్లోనూ ఇలాగే సాగుతుంది, అక్కడ పదకొండు పలకల పాత బిళ్ళ, భారతదేశం పటంతో ఉన్నది, దొరకడం కాస్త కష్టం. రకాలు పూర్తయ్యాక సంవత్సరాల వారీగా, ఆ తర్వాత టంకశాలల వారీగా వెళ్లవచ్చు. అప్పుడు ఆరు కాస్తా వందకు పైగా అవుతాయి, ఖర్చు మాత్రం నాణెం ముఖవిలువే.

ఇందులో తమాషా ఏమిటంటే, మన నాణేలన్నీ మన దేశంలో ముద్రించినవి కావు. టంకశాలలు చిల్లర కొరత తీర్చలేక బయట కూడా ముద్రించిన రోజులున్నాయి. 1985 రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కింద ఇంగ్లీషు హెచ్ అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లో తయారైంది. 2000 నాటి ఐదు రూపాయల బిళ్ళల్లో మాస్కో టంకశాలవీ ఉన్నాయి. ఇవి కిరాణా కొట్టు గల్లా పెట్టెలో దొరికిన రోజున కలిగే సంతోషం వేలు పోసి కొన్న నాణెంతో నాకు కలగలేదు.

రెండో పరిధి, హైదరాబాద్ నక్షత్రం. ఒకే టంకశాల, అన్ని విలువలు. ఈ టంకశాల 1803లో సుల్తాన్ షాహీలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. మధ్యలో 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. నిజాం నాణేలు కొనే స్తోమత లేకపోయినా, అదే టంకశాల తర్వాత ముద్రించిన పావలాలు, అర్ధరూపాయలు వరుసగా పేర్చుకుంటే చరిత్ర చేతిలోనే ఉన్నట్టు ఉంటుంది.

మూడోది నాకు ఇష్టమైనది: తెలుగు అక్షరాలున్న నాణేలు. ఎడ్వర్డ్, ఐదో జార్జి రాజుల కాలంలో వచ్చిన కప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) అణా బిళ్ళ చూడండి. అంచు పువ్వు రేకుల్లా వంపులు తిరిగి ఉంటుంది. బొరుసు వైపు విలువ ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో ఉంటుంది. బాగా అరిగినవి ఇప్పటికీ చవకే. ఈ దారిలో ఇంకా వెనక్కి వెళితే ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాగి నాణేలు వస్తాయి. వాటిలో తెలుగు, తమిళ లిపులున్న 'డబ్బులు' ఉన్నాయి. అవును, డబ్బు అన్నది ఒకప్పుడు ఒక నాణెం పేరు. మంచివి ఖరీదే, కానీ ఏడాదికి ఒకటి చొప్పున పెట్టుకోదగ్గ లక్ష్యం.

మూడో పని: ముఖవిలువకే దొరికే చోట్లు వెతకండి

ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక చేతికి చిల్లర రావడం తగ్గిపోయింది. పది రూపాయల టీకి కూడా స్కాన్ చేస్తున్నాం. సేకరించేవాళ్లు ఈ ఒక్క విషయంలో వెనక్కి వెళ్లాలి. వారానికి ఒక రోజు చిన్న కొనుగోళ్లన్నీ నోట్లతో చేయండి, చిల్లర నాణేలుగా అడగండి.

పది రూపాయల బిళ్ళ సంగతి వేరు. తెలుగు రాష్ట్రాల్లో చాలా కొట్లలో దాన్ని తీసుకోరు, చెల్లదన్న పుకారు ఎప్పటినుంచో ఉంది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు డిజైన్ల పది రూపాయల నాణేలున్నాయని, అన్నీ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. ఆ ప్రకటనే మనకు వేట జాబితా! పరిచయమున్న కొట్టువాళ్ల దగ్గర మూలపడిన బిళ్ళలు ఉంటే నోటు ఇచ్చి తీసుకోండి, వాళ్లే సంతోషిస్తారు. కావాల్సినవి ఏరుకుని మిగిలినవి బ్యాంకులో మీ ఖాతాలో వేసుకోవచ్చు. బ్యాంకు కౌంటర్‌లోనూ రద్దీ లేని వేళ వెళ్లి ఐదు వందలకు చిల్లర అడగండి. ఇంటికి తెచ్చి వడపోసి, మిగతావి పాలవాడికో ఆటోకో వాడేయండి. డబ్బు తిరుగుతుందే గానీ తరగదు.

ఇంకో చోటు మన ఇళ్లల్లోనే ఉంది. పెళ్లిళ్లలో నూట పదహార్లు చదివించే కవర్ల మీద అతికించిన రూపాయి బిళ్ళ చాలాసార్లు చేతులు మారని కొత్త నాణెమే అయి ఉంటుంది. పెళ్లివారు డబ్బు తీసుకుని కవర్లు పారేసే ముందు అడిగి తెచ్చుకోండి. బిళ్ళను గీకి తీయకండి, కాగితంతో సహా గోరువెచ్చని నీళ్లలో నానబెడితే చాలావరకు అదే ఊడి వస్తుంది. మా బంధువులు ఇప్పుడు నాకోసం కవర్లు విడిగా కట్టకట్టి ఉంచుతున్నారు, వెనక నవ్వుకుంటారేమో తెలియదు.

ముసలివాళ్లను అడగడం మరచిపోవద్దు. పోపుల డబ్బాలో, దేవుడి గూట్లో, పాత ట్రంకుపెట్టె అడుగున 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లుకాణీలు ఉంటాయి. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి మధ్యలో చిల్లు పెట్టారు. అమ్మమ్మ దగ్గర తీసుకుంటే నాణెంతో పాటు కాణీకి ఏమొచ్చేదో, బేడకు ఏమొచ్చేదో కథ కూడా వస్తుంది. దాన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు కాణీలు అన్న లెక్క వాళ్లకు నోటికి వచ్చు.

గల్ఫ్‌లో ఉన్న బావలు, మేనమామలు సెలవుకు వచ్చినప్పుడు జేబులో మిగిలిన చిల్లర మారదు. ఎక్స్చేంజి వాళ్లు నోట్లే తీసుకుంటారు. ఆ చిల్లర మనది. కువైట్ నాణేల మీద తెరచాప పడవ, ఎమిరేట్స్ దిర్హామ్ మీద కాఫీ కూజా ఉంటాయి. ఒమన్ వాళ్ల చిల్లర పేరు బైసా, అది మన పైసానే. ఒకప్పుడు గల్ఫ్‌లో మన రూపాయే చెలామణి అయ్యేది. 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశాల కోసం విడిగా నోట్లు కూడా ముద్రించింది. కరీంనగర్‌లోనో కడపలోనో కోనసీమలోనో ఉన్నవాళ్లకు పైసా ఖర్చు లేకుండా ఇంత మంచి విదేశీ సేకరణ ఇంకెవరికీ కుదరదు.

నాలుగో పని: డబ్బు పెట్టే ముందు కళ్లు పెట్టండి

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో పెద్ద నాణేల సేకరణ ఉంది. సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. వెళ్లేముందు వేళలు కనుక్కోండి. అద్దంలోంచి అసలు నాణెం అరగంట చూసినవాడికి బజారులో నకిలీ చూడగానే ఏదో తేడా కొడుతుంది. కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాల, పెద్దబంకూరుల్లో దొరికిన శాతవాహన నాణేలు కొనుక్కోవడం మన పని కాదు, చూసి చదువుకోవడం మన పని.

ఇంట్లో కూర్చుని అయితే నుమిస్టా వెబ్‌సైట్ ఉచితం. ప్రతి నాణెం బరువు, వ్యాసం, లోహం, రకాలు అందులో ఉంటాయి. మీ సేకరణ అక్కడే నమోదు చేసుకుని మార్పిడికి పెట్టుకోవచ్చు. వేలం సంస్థలు తమ క్యాటలాగులు, పలికిన ధరలు ఆన్‌లైన్‌లో పెడతాయి. అడిగే ధర వేరు, పలికే ధర వేరు. నెట్‌లో ఒకడు అర్ధరూపాయికి లక్ష అడిగినంత మాత్రాన దాని ధర లక్ష అయిపోదు.

ఐదో పని: కొనాల్సి వస్తే

నెలకు ఇంత అని వేసుకోండి, వంద అయినా సరే. ఒక డిబ్బీలో విడిగా వేయండి. డిబ్బీలో ఉన్నదే ఖర్చు పెట్టాలి, "వచ్చే నెలది ఇప్పుడే" అన్న లెక్క పెట్టుకోవద్దు. ఖాళీ నెలల్లో డబ్బు పోగవుతుంది, అప్పుడు ఇరవై చెత్త నాణేల బదులు ఒక మంచిది తీసుకోండి. స్థితి విషయంలో మాత్రం బెట్టు తగ్గించుకోవాలి. కొత్తగా మెరిసేదానికీ, కాస్త అరిగి అక్షరాలన్నీ స్పష్టంగా ఉన్నదానికీ ధరలో చాలా తేడా ఉంటుంది. రెండోదే మన పాలిటిది.

వెండి కొనేముందు లోహం లెక్క చేయండి. 1940కి ముందటి బ్రిటిష్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో అసలు వెండి దాదాపు 10.69 గ్రాములు. 1940 నుంచి 45 వరకు వచ్చిన వాటిలో సగమే వెండి. 1940లకు ముందటి నిజాం రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాములు. ఆ రోజు గ్రాము ధరతో హెచ్చిస్తే నాణెం కనీస విలువ తెలుస్తుంది. డీలరు అడిగేది దానికి మరీ ఎక్కువైతే ఎందుకో అడగండి. మరీ తక్కువైతే ఇంకా గట్టిగా అడగండి. వెండి ధర పెరుగుతూ పోతుంటే, నా మాట వినేవాళ్లయితే, కొన్నాళ్లు వెండి జోలికి పోకుండా రాగి, నికెల్ నాణేల్లోనే ఉండండి.

రెండు పనిముట్లు చాలు. పాయింట్ జీరో వన్ గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం, ఒక అయస్కాంతం. వెండి రూపాయి అంటుకుంటే అది నకిలీ. 1947 నాటి పులిబొమ్మ రూపాయి అంటుకోవాలి, ఎందుకంటే అది నికెల్. 1957 తర్వాత వచ్చిన నికెల్ పావలా కూడా అంటుకుంటుంది. ఇది తెలియక మా స్నేహితుడు ఒకాయన మంచి నాణేన్ని నకిలీ అని వెనక్కి ఇచ్చేశాడు.

స్మారక నాణేల ప్యాకెట్లు ఈ కాలంలో వదిలేయండి. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం హైదరాబాద్ టంకశాలలోనే తయారైంది, సగం వెండి, చూడముచ్చటగా ఉంటుంది. కానీ అది చెలామణికి వచ్చేది కాదు, ధర వేలల్లో. అభిమానంతో కొనుక్కుంటే సంతోషం. "రేపు రెట్టింపవుతుంది" అని అప్పు చేసి కొనకండి. స్మారక నాణేలే కావాలంటే చిల్లరలో తిరిగినవి చాలానే ఉన్నాయి: 2003 నాటి రైల్వే 150 ఏళ్ల రెండు రూపాయలు, 2005 దండి యాత్ర ఐదు రూపాయలు, 2010 మదర్ థెరిసా ఐదు రూపాయలు.

ఆరో పని: దాచడం, కడగకపోవడం

పావలా కోడికి ముప్పావలా మసాలా అన్నట్టు, రూపాయి నాణేలకు వెయ్యి రూపాయల ఆల్బమ్ అక్కర్లేదు. చిన్న కాగితపు కవర్లు, వాటి మీద పెన్సిల్‌తో వివరాలు, ఒక చెప్పుల డబ్బా. మెత్తగా వంగి ప్లాస్టిక్ వాసన వేసే పీవీసీ కవర్లు మాత్రం వద్దు, కొన్నేళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి. రబ్బరు బ్యాండ్లు వెండిని నల్లగా చేస్తాయి. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి పెట్టెలో వేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల వాళ్లకు ఇది చాలా అవసరం.

ఇక చింతపండు. ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమతో మీ రాగి నాణేలన్నీ ఇత్తడి చెంబుతో పాటు చింతపండు పెట్టి తోమేస్తారు. మెరుస్తాయి, విలువ పోతుంది. వందేళ్లుగా పట్టిన గోధుమరంగు పొర నాణేనికి చర్మం లాంటిది, ఒకసారి పోతే తిరిగి రాదు. నాకు జరిగింది, మా అత్తయ్యను ఏమీ అనలేకపోయాను. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. అంతే.

ఏడో పని: మార్పిడి

జాబితాలో ఎక్కువున్నవి ఇప్పుడు మీ పెట్టుబడి. నా ఏడు ఏషియన్ గేమ్స్ బిళ్ళల్లో ఐదు వెళ్లి, వాటి బదులు నాకు లేని పదకొండు నక్షత్రాలు వచ్చాయి. మార్పిడిలో బొమ్మా బొరుసూ రెండు వైపులా ఫోటో పంపండి, గీతలుంటే ముందే చెప్పండి. పోస్టులో పంపేటప్పుడు నాణేలు కదలకుండా అట్టముక్కల మధ్య టేపు వేసి, స్పీడ్ పోస్టు చేయండి. మొదటిసారి మార్చుకునే మనిషితో చిన్నవే మార్చుకోండి. ఒకసారి నమ్మకం కుదిరితే ఆ మనిషే ఏళ్ల తరబడి మీకోసం చిల్లర వెతుకుతాడు.

ఇరుక్కోకూడనివి

డబ్బు ఇబ్బందిలో ఉన్నప్పుడు "మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ నాణెం ఉందా, పది లక్షలు ఇస్తాం" అన్న వీడియో చాలా తియ్యగా ఉంటుంది. వాళ్లు కొనరు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజనీ, జీఎస్టీ అనీ మీ దగ్గరే లాగుతారు. రిజర్వు బ్యాంకు పేరు, లోగో వాడి ఇలా మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే హెచ్చరించింది. పాత నాణేలు కొనడం, అమ్మడం అది చేయదు. 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి ఒకవైపు రామదర్బారో హనుమంతుడో ఉండే రాగి బిళ్ళలు కంపెనీ ఎప్పుడూ ముద్రించలేదు. వాటిని బియ్యాన్ని లాగుతాయని చెప్పి అమ్మే రైస్ పుల్లింగ్ ముఠాల గురించి మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

పొలంలో దొరికిన కుండ నాణేలు చవగ్గా ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం అలాంటివి కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణేలను అనుమతి లేకుండా దేశం దాటించడం కూడా నేరం. అమెరికాలో ఉన్న తమ్ముడికి విక్టోరియా రూపాయి కానుకగా సూట్‌కేసులో పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

అమ్మక తప్పకపోతే

ఆ పరిస్థితి వస్తే సిగ్గుపడకండి, కానీ తొందరపడి ఆల్బమ్ మొత్తం ఒకరికే ఇవ్వకండి. మొదట ఒకటికి మించి ఉన్నవి, తర్వాత మీ పరిధిలో లేనివి, ఆ తర్వాత మామూలు వెండి రూపాయలు, వీటికి కనీసం లోహం ధర ఎప్పుడూ ఉంటుంది. ముగ్గురిని అడిగి ధర రాసుకోండి. చిల్లరలో ఏరి కూర్చిన వరుసలు మాత్రం ఉంచేసుకోండి, వాటికి బజారులో ఎవరూ ఏమీ ఇవ్వరు. ఇంకో మాట, నోట్‌బుక్‌లో ధర గడి నింపేటప్పుడు అది ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా రాయండి. మీరు ఊళ్లో లేని రోజున పాత సామాన్లవాడు వస్తే, ఏది ఇవ్వొచ్చో ఏది ఇవ్వకూడదో వాళ్లకు ఆ పుస్తకమే చెప్పాలి.